బాలింత పైకం ఎక్కడ పుట్టింది?

1928లో బొంబాయి శాసనమండలికి ఒక బిల్లు వచ్చింది. ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు కాన్పుకు ముందూ వెనకా సెలవు, ఆ రోజులకు భత్యం ఇవ్వాలని దాని సారాంశం. సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ దాన్ని బలపరుస్తూనే అసలు మాట అడిగారు. తల్లికి విశ్రాంతి దొరికితే మేలు దేశానికి కదా, అలాంటప్పుడు ఖర్చులో పెద్ద వాటా సర్కారే భరించాలన్నారు. ఆ మాట సభ రికార్డుల్లో ఉండిపోయింది. 1929 నాటి చట్టం భారమంతా యజమానుల మీదే వేసింది. 1934 నాటి మద్రాసు చట్టం, 1961 నాటి కేంద్ర చట్టం అదే బాట పట్టాయి.

మరి యజమాని అంటూ ఒకడు లేని మనిషి సంగతి? ఇవాళ ఒకరి చేలో నాటు, రేపు ఇంకొకరి చేలో కలుపు. ఆమెకు సెలవు ఇచ్చేదెవరు?

1987లో తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పేరిట పథకం పెట్టి, పేద గర్భిణులకు ఖజానాలోంచే డబ్బివ్వడం మొదలుపెట్టింది. 1995లో కేంద్రమూ అందుకుంది. మొదట 300, తర్వాత 500 రూపాయలు. చిన్న మొత్తమే అయినా ఉద్దేశం తిన్ననిది: నెలలు నిండేవేళ కాస్త మంచి తిండి.

2005లో జననీ సురక్ష యోజన వచ్చి ఈ లెక్క మార్చేసింది. ఇక డబ్బు ప్రధానంగా ఆస్పత్రిలో కన్నందుకు. వెనకబడిన రాష్ట్రాల పల్లెల్లో 1400, మనలాంటి చోట్ల 700. వెంటబెట్టుకుని తీసుకెళ్లడానికి ఆశా కార్యకర్త. ఫలితం కాదనలేం: 2005-06లో దేశంలో నూటికి 39 లోపున్న ఆస్పత్రి కాన్పులు పదేళ్లలో 79 దాకా చేరాయి. కానీ తిండి డబ్బు ఈ హడావుడిలో పక్కకు జరిగింది. ఆ 500 ఇవ్వాల్సిందేనని 2007లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2013 ఆహార భద్రత చట్టం గర్భిణులకు, బాలింతలకు 6000కు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో మొదలైన మాతృ వందన యోజన మాత్రం 5000తో ఆగింది, అదీ తొలి కాన్పుకే. మిగతాది జననీ సురక్ష డబ్బుతో కలిపితే సగటున సరిపోతుందని సర్కారు సమాధానం. చట్టమైతే సగటు గురించి ఏమీ అనలేదు. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ కేసీఆర్ కిట్ తెచ్చింది. సర్కారు దవాఖానాలో కంటే 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు, దోమతెరతో సహా బిడ్డ సామాను అదనం.

ఆడపిల్ల లెక్క 2022లో కేంద్ర పథకంలోకీ వచ్చింది. రెండో కాన్పులో కూతురు పుడితే 6000. కొడుకు పుడితే, ఆ తల్లికి ఈ పద్దు కింద పైసా రాదు.