అమరావతి: క్షేత్ర సందర్శన

గుంటూరు నుంచి పత్తి, మిరప చేల మీదుగా అమరావతి చేరితే, కృష్ణ ఒడ్డున అమరేశ్వరాలయం, దానికి సమీపంలో మహాచైత్యం కనిపిస్తాయి. ఇదే ప్రాచీన ధాన్యకటకం. నేడు మీరు చూసే మహాచైత్యం గుండ్రని దిబ్బ మాత్రమే. కారణం? 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించినప్పుడు ఇక్కడి ఇటుకలు, రాళ్లు తరలిపోయాయి. కొన్ని ఫలకాలను సున్నం కోసం కాల్చారు. 1798లో కాలిన్ మెకంజీ ఇక్కడికి వచ్చాడు. తర్వాత శిల్పాలకు చిత్రాలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, వాటిలో చాలా భాగం లండన్‌కు చేరాయి.

కాబట్టి ముందు స్థానిక మ్యూజియంలో ఫలకంపై చెక్కిన స్తూపాన్ని చూడండి. అండం, ప్రాకారం, నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు గమనించండి. తర్వాత దిబ్బ వద్ద వాటి చోటును గుర్తించండి.

ఆలోచించండి: శిల్పాలు వేర్వేరు నగరాల్లో ఉన్నప్పుడు చరిత్రను ఎక్కడ చదవాలి?