మిల్రినోన్ ఇంటికి చేరిన దారి

ముదిరిన గుండె వైఫల్యం ఉన్న పిల్లలకు ఇంట్లోనే నరం ద్వారా నిరంతరం మందు ఎక్కించే పద్ధతి అమెరికాలో ఎలా స్థిరపడిందో చెప్పేవారు సాధారణంగా గుండె కొట్టుకునే బలాన్ని పెంచే మందుల వరసే చెబుతారు. 1785లో విలియం విదరింగ్ డిజిటాలిస్ గురించి రాసిన గ్రంథం, 1970లలో డోబ్యుటమిన్, 1987లో అనుమతి పొందిన మిల్రినోన్ ఇంజెక్షన్ అందులో వస్తాయి. మంచి మందు దొరికింది కనుక పిల్లలు ఇల్లు చేరారన్నది ఈ కథనం సారం. కాలక్రమం దీన్ని బలపరచదు. ఇళ్లకు వెళ్లిన పిల్లల గురించి చెప్పుకోదగ్గ నివేదికలు 2006, 2007లలో గానీ రాలేదు. వాటిలోనూ ఒక్కొక్కదానిలో ఇరవై మందికి మించి లేరు.

పైగా ఆ నడుమ మిల్రినోన్ పేరు బాగా దెబ్బతింది. 1991లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో, తీవ్ర గుండె వైఫల్యం ఉన్న 1,088 మంది పెద్దవాళ్లలో మిల్రినోన్ మాత్రలు వేసుకున్నవారి మరణాలు 28 శాతం ఎక్కువగా తేలాయి. 2002లో ఆప్టిమ్ అధ్యయనం, ఆస్పత్రిలో కొద్ది రోజులు నరంలోకి ఇచ్చినా పెద్దవాళ్లకు ప్రత్యేక మేలు లేదని చూపింది. ఇంత జరిగాక కూడా పిల్లల వైద్యులు దీన్ని వదల్లేదు. దాన్ని మొండితనం అనడం తొందరపాటు. ప్రామిస్‌లో ఇచ్చినవి మాత్రలు, తీసుకున్నవారు పెద్దలు, వాడకానికి గడువు లేదు. పిల్లల విషయంలో మార్పిడి గుండె దొరికేదాకా నెట్టుకురావడమే లక్ష్యం. 2003లో ప్రైమాకార్ప్ అధ్యయనం, శస్త్రచికిత్స అయిన పిల్లల్లో ఎక్కువ మోతాదు మిల్రినోన్ రక్తప్రసరణ పడిపోకుండా కాపాడిందని నిరూపించింది. అయితే అది ఆస్పత్రిలో తొలి గంటల సంగతి. ఇంట్లో నెలల తరబడి వాడటానికి దాన్ని సాక్ష్యంగా చూపడం సరికాదు.

మరి ఇంటి దారి వేసిందేమిటి? గుండె జబ్బుతో నేరుగా సంబంధం లేని రెండు పరిణామాలని నా అభిప్రాయం. ఒకటి గొట్టం. నోటితో తినలేనివారికి ఇంట్లోనే నరం ద్వారా పోషకాలు అందించడానికి 1973లో బ్రోవియాక్ కేథటర్, ఎముక మజ్జ మార్పిడి రోగుల కోసం 1979లో హిక్‌మన్ కేథటర్ వచ్చాయి. బ్యాటరీ పంపు తోడయ్యాక నెలల తరబడి మందు ఎక్కించడం సాధ్యమైంది. రెండోది డబ్బు. అయోవా రాష్ట్రంలో వెంటిలేటర్ మీద ఉన్న కేటీ బెకెట్ అనే చిన్నారికి ఆస్పత్రిలో ఉంటేనే ప్రభుత్వ బీమా వర్తించేది. 1981లో అధ్యక్షుడు రీగన్ ఆ నియమాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. మరుసటి ఏడాది చట్టం మారి, అలాంటి పిల్లలకు ఇంట్లో చికిత్స ఖర్చు భరించే వీలు రాష్ట్రాలకు కలిగింది. గొట్టాలు అంత ముందే ఉంటే ఇంత ఆలస్యం ఎందుకని అడగవచ్చు. పసివాళ్లకు గుండె మార్పిడి నిలదొక్కుకున్నదే 1980ల నడుమ, కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ మందు వచ్చాక. గమ్యం లేని నిరీక్షణకు ఇల్లూ ఆస్పత్రీ ఒక్కటే. మందుకూ దాని వాటా ఇవ్వాలి. పంపు ఆగితే డోబ్యుటమిన్ ప్రభావం నిమిషాల్లో పోతుంది, మిల్రినోన్ ప్రభావం గంటలపాటు నిలుస్తుంది. ఆ వ్యవధిలో కుటుంబం ఆస్పత్రికి చేరగలదు.

2016 మార్చిలో అమెరికాలో గుండె మార్పిడికి ఎదురుచూసే పిల్లల వరుస నియమాలు మారాయి. గుండె కండరాల జబ్బుతో ఈ మందుల మీద మాత్రమే ఉన్న పిల్లలకు అత్యవసర శ్రేణి దక్కడం కష్టమైంది. ఆస్పత్రిలో ఉంచితే వరుసలో ముందుకు జరుగుతారన్న ఆశ తగ్గి, ఇంటి వైపు మొగ్గు పెరిగింది. దీన్ని పూర్తి విజయంగా నేను లెక్కకట్టలేను. పిల్లలు సురక్షితంగా ఉన్నారని చెప్పే నివేదికలు చాలావరకు ఒక్కో ఆస్పత్రి పాత రికార్డుల నుంచి తీసినవి. ఆస్పత్రికి దగ్గరగా ఉండి, పంపు చూసుకోగల పెద్దలున్న కుటుంబాలనే వైద్యులు ముందుగా ఎంచుకుంటారు కాబట్టి ఆ ఫలితాలు అందరికీ వర్తించవు. గొట్టంలో ఇన్ఫెక్షన్, గడ్డకట్టిన రక్తం లెక్కకు వస్తున్నాయి. రాత్రి అలారం మోగితే లేచే తల్లి నిద్ర, ఆమె వదులుకున్న జీతం లెక్కకు రావడం లేదు. ఇకపై ఈ చికిత్స గురించి రాసే వైద్యులు మరణాల పక్కనే ఆ లెక్కను కూడా ప్రచురించాలి.