విడిభాగాలతో కంప్యూటర్: ఎంచుకునే స్వేచ్ఛ ఎలా వచ్చింది?

పరిచయం

మీరు మొదటిసారి సొంతంగా ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను కూర్చుకోవాలనుకుంటున్నారని అనుకుందాం. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట ప్రాసెసర్ ఒక కంపెనీది, మదర్‌బోర్డు మరొక కంపెనీది, క్యాబినెట్ ఇంకొకరిది కొన్నా అవి కలిసి పనిచేస్తాయి. మొబైల్ ఫోన్‌ను ఇలా తయారుచేసుకోవడం సాధ్యం కాదు. కంప్యూటర్ విషయంలో ఈ స్వేచ్ఛ ఎలా వచ్చింది? దాని హద్దులేమిటి? ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. కిట్ల దశ

అమెరికా పత్రిక ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ 1975 జనవరి సంచిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. దీన్ని కిట్‌గా కొన్నవారు భాగాలను స్వయంగా సోల్డరింగ్ చేసుకోవాలి. 1976లో ఆపిల్-1 సిద్ధమైన బోర్డుగా వచ్చినా, క్యాబినెట్, కీబోర్డు కొన్నవారే సమకూర్చుకోవాలి. ఆల్టెయిర్‌కు సరిపోయే కార్డులను ఇతర సంస్థలూ తయారుచేశాయి. కాని అవి ఆపిల్‌కు పనికిరావు. అందరూ పాటించే ఉమ్మడి ప్రమాణం ఇంకా ఏర్పడలేదు.

2. ఐబీఎం పీసీ

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. సుమారు ఏడాదిలోనే యంత్రం సిద్ధం కావాలి కాబట్టి బయట దొరికే భాగాలనే వాడింది. ప్రాసెసర్ ఇంటెల్ 8088, ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్‌ది. అదనపు కార్డుల కోసం 5 స్లాట్లు ఉంచింది. సర్క్యూట్ పటాలతో సాంకేతిక గ్రంథాన్ని కూడా అమ్మింది.

ఐబీఎం చేతిలో మిగిలిన ప్రధాన రక్షణ బయాస్‌పై కాపీరైటు. బయాస్ అంటే యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాం. కాంపాక్ సంస్థ దాన్ని నకలు చేయకుండా, అదే పనిచేసే ప్రోగ్రాంను కొత్తగా రాయించి, 1982 నవంబరులో తన కంప్యూటర్‌ను ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ సంస్థ ఇలాంటి బయాస్‌ను ఇతర తయారీదారులకు అమ్మసాగింది. తొందరలో తీసుకున్న నిర్ణయం పోటీదారులకు దారి తెరిచింది. చారిత్రక పరిణామాల్లో ఉద్దేశం ఒకటి, ఫలితం మరొకటి కావడానికి ఇది మంచి ఉదాహరణ.

3. తలుపులు మూసే ప్రయత్నం

1987లో ఐబీఎం పీఎస్/2 శ్రేణిలో మైక్రో ఛానల్ అనే కొత్త స్లాట్‌ను తెచ్చింది. పాత కార్డులు అందులో ఇమడవు. ఇతరులు దాన్ని వాడాలంటే ఐబీఎంకు రుసుము చెల్లించాలి. 1988లో కాంపాక్ నాయకత్వంలో 9 కంపెనీలు పాత కార్డులూ పనిచేసే ఈఐఎస్ఏ ప్రమాణాన్ని ప్రకటించాయి. మైక్రో ఛానల్ పీసీ రంగమంతటా నిలదొక్కుకోలేదు. తర్వాత 1992లో ఇంటెల్ రూపొందించిన పీసీఐ ఈ రెండింటి స్థానాన్నీ ఆక్రమించింది.

4. ఏటీఎక్స్, సాకెట్ల చీలిక

1995లో ఇంటెల్ ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం బోర్డు కొలతలను (305 × 244 మి.మీ.), స్క్రూ రంధ్రాల స్థానాలను, విద్యుత్ కనెక్టరును నిర్ణయించింది. అందువల్లనే నేడు ఏ కంపెనీ ఏటీఎక్స్ క్యాబినెట్‌లోనైనా ఏ కంపెనీ ఏటీఎక్స్ బోర్డునైనా బిగించవచ్చు.

ప్రాసెసర్ల విషయంలో దీనికి భిన్నంగా జరిగింది. సాకెట్ 7 బోర్డుల్లో ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు రెండూ పనిచేసేవి. 1997లో పెంటియం 2తో ఇంటెల్ తన సొంత స్లాట్‌కు మారింది. అప్పటినుంచి రెండు కంపెనీల దారులు వేరయ్యాయి.

5. మీ ఎంపికకు ఈ చరిత్ర ఇచ్చే సూచనలు

ప్రమాణం ఉమ్మడిగా ఉన్నచోట ధర, నాణ్యత చూసి ఎంచుకోండి. అది చీలినచోట ముందుగా పొంతన చూసుకోండి.

• మొదట ప్రాసెసర్, తర్వాత దానికి తగిన సాకెట్ గల బోర్డు ఎంచుకోండి. సాకెట్ కలిసినా, ఆ బోర్డు బయాస్ ఆ ప్రాసెసర్‌ను గుర్తిస్తుందో లేదో తయారీదారు జాబితాలో చూడండి.
• డీడీఆర్4, డీడీఆర్5 మెమరీలు రెండింటికీ 288 పిన్నులే ఉన్నా గాడి స్థానం వేరు. ఒకదాని బదులు మరొకటి పనిచేయదు.
• ఎస్ఎంపీఎస్ ఏ కంపెనీదైనా బిగుస్తుంది కదా అని నాసిరకం కొనకండి. అది చెడితే మిగతా భాగాలూ దెబ్బతినవచ్చు.

సారాంశం

భాగాలను విడివిడిగా ఎంచుకునే స్వేచ్ఛ ఏ ఒక్క సంస్థా ఇచ్చినది కాదు. ఐబీఎం తొందర, పోటీదారుల చొరవ, ఉమ్మడి ప్రమాణాలు కలిసి దాన్ని రూపొందించాయి. ఒక భాగం పాడైతే యంత్రం మొత్తాన్ని పారేయకుండా ఆ భాగాన్నే మార్చుకోగలగడం దాని వల్ల మీకు కలిగే ప్రయోజనం.

స్వయం సమీక్షా ప్రశ్నలు

1. ఐబీఎం పీసీకి అనుకూలమైన యంత్రాలను ఇతరులు తయారుచేయగలగడానికి కారణాలేవి?
2. మైక్రో ఛానల్ ఎందుకు విస్తృతంగా వ్యాపించలేదు?
3. ఏటీఎక్స్ ప్రమాణం ప్రాముఖ్యాన్ని వివరించండి.