సర్ఫ్‌స్కీ: స్పీడా.. బ్యాలెన్సా? కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు ఏది చూసుకోవాలంటే..

అలల మీద బాణంలా దూసుకెళ్లే సన్నటి పడవ.. దాని మీద కూర్చుని రెండు వైపులా తెడ్డు వేస్తున్న మనిషి. ఇలాంటి రీల్స్ మీ ఫోన్‌లోనూ కనిపించే ఉంటాయి. ఆ పడవే సర్ఫ్‌స్కీ. పుట్టింది ఆస్ట్రేలియాలో, 1912 ప్రాంతంలో. బీచ్‌లలో మునిగిపోయేవాళ్లను కాపాడే లైఫ్‌సేవర్లు వాడిన ఈ పడవ ఇప్పుడు రేసింగ్ పడవగా మారిపోయింది. మామూలు కయాక్‌లో కాళ్లు లోపలికి చాపి కూర్చుంటారు. ఇందులో పైభాగం తెరిచే ఉంటుంది. వెనకున్న చుక్కానిని పాదాలతో తిప్పాలి.

చూడగానే ఎవరికైనా నచ్చేది స్పీడే. కొత్తవాళ్లు పొరపాటు పడేదీ అక్కడే.

భీమ్‌గల్ వైపు నుంచి శ్రీరాంసాగర్ చూడటానికి వెళ్లేవాళ్లకు చేపలు పట్టే పుట్టి కొత్తేం కాదు. గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. ఇద్దరు కూర్చుని వల లాగినా అంత తేలిగ్గా బోల్తా పడదు. కానీ దాన్ని వేగం అడగొద్దు, తెడ్డు తేడాగా పడితే ఉన్నచోటే తిరుగుతుంది. సర్ఫ్‌స్కీ దీనికి పూర్తిగా రివర్స్. రేసర్లు వాడే పడవ పొడవు 6 మీటర్లు దాటుతుంది, వెడల్పు మాత్రం 43 నుంచి 45 సెంటీమీటర్లే. అంటే మన కుర్చీ అంత కూడా ఉండదు! కొత్తవాళ్ల కోసం చేసే మోడళ్లు 5 నుంచి 5.5 మీటర్ల పొడవు, 55 సెంటీమీటర్ల దాకా వెడల్పు ఉంటాయి. చూడ్డానికి తేడా పది సెంటీమీటర్లే. నీళ్లలో మాత్రం ఆ పది సెంటీమీటర్లే అన్నీ తేల్చేస్తాయి.

సన్నటి పడవకు నీటి నిరోధం తక్కువ, కాబట్టి వేగం ఎక్కువ. లెక్క కరెక్టే. అయితే ఆ వేగం తెడ్డును పూర్తి బలంతో లాగగలిగినవాడికే దక్కుతుంది. పడవ అటూ ఇటూ ఊగుతుంటే చేతులు ముందుకు లాగడం మానేసి, పడకుండా ఆపుకోవడంలోనే ఉంటాయి. నడుము బిగుసుకుపోతుంది, తెడ్డు సగమే మునుగుతుంది. అందుకే కొత్తవాడు రేసింగ్ పడవలో కంటే వెడల్పు పడవలోనే త్వరగా గట్టు చేరతాడు. దక్షిణాఫ్రికా దిగ్గజం ఆస్కార్ చలుప్‌స్కీ కూడా ఏళ్లుగా ఇదే చెబుతున్నారు: ముందు స్థిరత్వం, తర్వాతే నైపుణ్యం. హవాయిలో జరిగే మొలొకాయ్ రేసును 12 సార్లు గెలిచిన మనిషి మాట ఇది.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. స్థిరత్వం రెండు రకాలు. కూర్చోగానే కదలకుండా అనిపించేది ఒకటి, పక్కకు ఒరిగాక మళ్లీ నిలదొక్కుకునేది ఇంకోటి. అలల్లో అక్కరకొచ్చేది రెండోది. షాపులో కూర్చుని చూస్తే ఇది తెలియదు, నీళ్లలో దిగాల్సిందే. పైగా మనిషిని బట్టి కూడా మారుతుంది. పొడుగ్గా, బరువుగా ఉన్నవాళ్లకు అదే పడవ ఎక్కువ ఊగుతుంది. సుఖంగా ఉంటుందని సీటు మీద మెత్త వేసుకున్నా ఊగడం పెరుగుతుంది.

హుస్సేన్‌సాగర్ లాంటి నిలకడ నీళ్లలో హాయిగా కూర్చోగలిగాం కదా అని అదే పడవతో రుషికొండ దగ్గర సముద్రంలోకి వెళ్తే కథ వేరేలా ఉంటుంది. పడవ ఎంచుకునేటప్పుడు ప్రశాంతమైన రోజును కాదు, మీరు వెళ్లబోయే నీళ్లు గాలికి రేగిన రోజును లెక్కలోకి తీసుకోవాలి.

పడిపోవడం తప్పు కాదు, అందరూ పడతారు. మళ్లీ ఎక్కలేకపోవడమే ప్రమాదం. పడవకు అడ్డంగా బోర్లా పడుకుని, తిరిగి సీట్లో కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకోవాలి. ఒడ్డు దగ్గర, పక్కన తెలిసినవాళ్లు ఉండగా, వరసగా పదిసార్లు ఇలా ఎక్కగలిగేదాకా లోపలికి వెళ్లొద్దు. అలసిపోయాక కూడా ఎక్కగలుగుతుంటే, అప్పుడు కాస్త సన్నటి పడవ గురించి ఆలోచించొచ్చు.

లైఫ్ జాకెట్‌తో పాటు కాలికి, పడవకు కలిపి కట్టే తాడు తప్పనిసరి. పది, పదిహేను కిలోల పడవను గాలి ఎంత వేగంగా తోసుకుపోతుందంటే ఈత వచ్చినవాళ్లు కూడా అందుకోలేరు. ఇక శ్రీరాంసాగర్‌లో ట్రై చేద్దాం అనుకునేవాళ్లకు ఒక్క మాట. అది 42 గేట్లున్న ప్రాజెక్టు. అధికారుల అనుమతి లేకుండా దిగొద్దు. వరద వచ్చి గేట్లు ఎత్తే రోజుల్లో ఎంత వెడల్పు పడవైనా ఆ ప్రవాహం ముందు నిలవదు.