ఇంకో పదిహేను పాయింట్ల గాలి

వికారాబాద్ దాటి అనంతగిరి గుట్టల మీదున్నారు. ఎదురుగా ఎర్రమట్టి బాట అడవిలోకి దిగుతోంది. రాళ్లు, బయటికి తేలిన చెట్ల వేళ్లు, వాననీళ్లు కోసిన గండి. వీపు మీది బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు. సైకిలు బ్రేకులు వదలండి.

మొదటి రాయికి, ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్క్ మెత్తగా దిగుతుంది. హాయిగానే ఉంది. రెండో రాయికి ఇంకాస్త దిగుతుంది. అదిగో గండి. బ్రేకు నొక్కుతారు. హ్యాండిల్ కుంగుతుంది. బరువంతా మణికట్ల మీద. వెనక చక్రం లేస్తోంది. ఠక్! ఫోర్క్ అడుగంటింది. వెనక్కి జరగండి. ఇంకా. బ్రేకు కాస్త వదలండి.

ఆగారు. పడలేదు.

వెనకొస్తున్న కుర్రాడు అరుస్తాడు: "ఆ నీలం నాబు జర తిప్పుండ్రి, గట్టిపడతది!"

తిప్పాలా? వద్దు. అది ఫోర్క్ దిగే వేగాన్ని తగ్గిస్తుందంతే. మీ బరువు మోసేది లోపలి గాలి. ముందు దాని సంగతి చూడాలి.

ఫోర్క్ మెరిసే గొట్టానికి సన్నటి రబ్బరు రింగు ఉంది. దాన్ని కిందికి, సీలు దాకా జరపండి. బ్యాగు తీయకండి; ఆ బరువూ లెక్కే. చెట్టుకు చేయి ఆనించి, పెడళ్ల మీద నిలబడి, మెల్లగా దిగండి. రింగు 31 మిల్లీమీటర్లు పైకి జరిగింది. దీన్నే సాగ్ అంటారు. మీ ఫోర్క్ మొత్తం కదలిక 120. అందులో ఐదో వంతు, అంటే 24 దగ్గర ఉంటే చాలు. పావు వంతు దాటేశారు.

ఫోర్క్ ఎడమ కాలి మీది మూత విప్పండి. టైరు పంపు ఇస్తామంటారు, తీసుకోకండి. ఇంత చిన్న గాలి గదిలో దాని ఒక్క కొట్టుడికే ముల్లు ఎక్కడికో ఎగబాకుతుంది. సన్నటి షాక్ పంపు బిగించండి. ముల్లు 60 మీద. ఐదైదు చొప్పున 75 దాకా కొట్టి, ఫోర్క్‌ను పదిసార్లు నొక్కండి. ముల్లు కాస్త పడిపోయిందా? లోపల ఎదురుగా ఇంకో గాలి గది ఉంది, అదీ నిండింది. మళ్లీ 75 చేయండి. పంపు విప్పుతుంటే 'ఫస్స్' మంటుంది. కంగారొద్దు, అది పంపు గొట్టంలోని గాలి. సాగ్ ఇప్పుడు 25.

మళ్లీ అదే బాట. గండి దగ్గర హ్యాండిల్ కుంగలేదు. వేళ్లు. ఒకటి. రెండు. హ్యాండిల్ ఎగిరి అరచేతుల్ని తన్నింది! చక్రం గాల్లో. పట్టు జారుతోంది. ఆపండి.

గాలి పెరిగితే ఫోర్క్ తిరిగి లేచే జోరూ పెరుగుతుంది. ఫోర్క్ కుడి కాలి అడుగున ఎర్ర నాబు ఉంది, రీబౌండ్; లేచే వేగాన్ని తగ్గించేది అదే. తాబేలు బొమ్మ వైపు రెండు క్లిక్కులు. నాలుగు తిప్పబుద్ధవుతుంది, తిప్పకండి. మరీ నెమ్మదైతే ఒక రాయి నుంచి లేచేలోపే రెండో రాయి వస్తుంది, ఫోర్క్ కుంగిపోయే ఉంటుంది. గాలి, క్లిక్కులు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మూడోసారి. రాయి. వేళ్లు. గండి. చక్రం నేలను వదల్లేదు.

కిందికి చేరాక రింగు చూడండి: ఫోర్క్ కదలిక చివరిదాకా ఇంకా సెంటీమీటరు మిగిలింది. 75 పాయింట్లు, రెండు క్లిక్కులు అని ఫోన్‌లో రాసుకోండి. నెలకోసారి చూడండి, టైరులాగే ఫోర్క్‌లోనూ గాలి మెల్లగా తగ్గుతుంది.