శ్రోతల గణనలో అల్పసంఖ్యాకుల స్థానము

పత్రిక యెన్ని ప్రతులు చెల్లినదో కార్యాలయపు లెక్కలు చెప్పగలవు గాని, గాలిలో కలిసిపోవు వాక్కును ఎందరు వినిరో నిర్ణయించుట యెట్లనెడి ప్రశ్న, అమెరికాలో వాణిజ్య ప్రసారములు వేళ్ళూనిన నాటినుండియు ప్రకటనకర్తలను బాధించుచునే వచ్చినది. 1930లో ఆర్చిబాల్డ్ క్రాస్లీ ఇండ్లకు టెలిఫోను చేయించి, కడచిన దినమున వారేమి వినిరో అడిగించెను. ఆ దశాబ్దముననే సి. ఇ. హూపర్ ఆ పద్ధతిని సవరించి, ఫోను మ్రోగిన వేళ రేడియోలో ఏ కార్యక్రమము నడచుచున్నదని అడిగించెను. దీనివలన జ్ఞాపకదోషము తొలగినది. కాని టెలిఫోనే లేని యింటిని ఈ ప్రశ్న చేరజాలదు. దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి కుటుంబములలో పెక్కింటికి ఆనాడు టెలిఫోను లేదు. ఇంట రేడియో ఉండియు, శ్రద్ధగా వినుచుండియు, వారు లెక్కకు రాకపోయిరి.

ఈ ఉపేక్ష యెంత పెద్దదో మెంఫిస్ నగరము నిరూపించినది. అచ్చట 1947లో శ్వేతజాతి యజమానులు నెలకొల్పిన డబ్ల్యు.డి.ఐ.ఎ. కేంద్రము తొలుత ఆదరణ లేక కృశించి, 1948లో నాట్ డి. విలియమ్స్ అను నల్లజాతి ఉపాధ్యాయుని వ్యాఖ్యాతగా నియమించి, క్రమముగా తన ప్రసారములనన్నిటిని నల్లజాతి శ్రోతలకే ఉద్దేశించి, 1954లో 50,000 వాట్ల శక్తిగల కేంద్రముగా వర్ధిల్లినది. 1941లో సిడ్నీ రోస్లో స్థాపించిన పల్స్ సంస్థ ఇంటింటికి మనుష్యులను పంపి ముఖాముఖి అడిగించుటచే ఇట్టి కేంద్రములకు కొంత న్యాయము చేకూరినది. ఆ సంస్థ 1978లో మూతపడుట ఈ చరిత్రలో పెద్ద నష్టమని నా యభిప్రాయము.

శ్రోతల లెక్కకట్టు మరియొక సంస్థ ఆర్బిట్రాన్. దాని డైరీలో శ్రోత ఒక వారము పాటు తాను విన్నవానిని స్వహస్తముతో వ్రాసి పంపవలసియుండెను. మరపును అభిమానమును ఆ పుటలలో కలిసియుండును గనుక, 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టన్ నగరములలో డైరీకి మారుగా పీపుల్ మీటరు ప్రవేశించినపుడు పలువురు దానిని స్వాగతించిరి. పేజరంతటి ఆ పరికరము, ప్రసారధ్వనిలో చెవికి అందకుండ పొదుగబడిన సంకేతములను పట్టుకొని, ధరించినవాడు ఏ కేంద్రము వినబడుచోట నెంతసేపు ఉండెనో నమోదు చేయును. 2008లో ఇది న్యూయార్కు మున్నగు నగరములకు విస్తరించుటతో నల్లజాతి, స్పానిష్ భాషా కేంద్రముల రేటింగులు పెక్కు తావుల దారుణముగా పడిపోయినవి.

అభిమాన కేంద్రమును డైరీలో ఎక్కువసేపు విన్నట్లు వ్రాయుట సహజమనియు, మీటరు ఆ అతిశయమును తొలగించినదనియు సంస్థవారు సమాధానము చెప్పిరి. ఇందు కొంత నిజము కలదు; యంత్రము జ్ఞాపకమునకంటె నమ్మదగినదే. అయితే హ్యూస్టన్‌లో చిరునామాల ననుసరించి, ఇండ్లకు స్వయముగా పోయి సభ్యులను చేర్చుకొనిరి. ఆ నగరపు లెక్కలకు, రేటింగు పద్ధతులను పరీక్షించు మీడియా రేటింగ్ కౌన్సిల్ 2007లోనే గుర్తింపు నొసగినది. ఫిలడెల్ఫియా, న్యూయార్కులలో ప్రధానముగా టెలిఫోను ద్వారా చేర్చుకొని, గుర్తింపు లభింపకమునుపే ఆ లెక్కలను వ్యాపారమునకు విడుదల చేసిరి. మీటరు రెండుచోట్లను ఒక్కటే. శ్రోతల నెన్నుకొను తీరే వేరు. ఇంటి ఫోను లేకుండ మొబైలు మాత్రమే వాడువారు యువజనులలోను, నల్లజాతి, హిస్పానిక్ వర్గములలోను అధికముగా నుండిరి గనుక, హూపర్ కాలపు దోషమే అరువది, డెబ్బది యేండ్ల పిదప నూతనయంత్రము వెనుక మరల నిలిచినది. 2008 అక్టోబరులో న్యూయార్కు అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో ఆర్బిట్రాన్‌పై దావా వేయగా, మరుసటి జనవరిలో కుదిరిన రాజీలో సంస్థ మొబైలు మాత్రమే గల యిండ్లను అధికముగా చేర్చుటకు ఒడంబడినది. 2009 డిసెంబరులో ఎడాల్ఫస్ టౌన్స్ అధ్యక్షతన ప్రతినిధిసభా సంఘమొకటి దీనిని విచారించెను.

రేటింగు తగ్గిన ప్రకటన ధర తగ్గును. ధర తగ్గిన చిన్న కేంద్రము అమ్ముడుపోవును, లేదా భాష మార్చును. అల్పసంఖ్యాకులకై నడచు కేంద్రములకు శ్రోతృసంఖ్యకు తగిన ఆదాయము రాకున్నదని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ కొరకు జరిగి 1999లో వెలువడిన అధ్యయనము అదివరకే తేల్చియున్నది. అట్టివారికి లెక్కలోను కోతపడుట రెట్టింపు అన్యాయము. 2013లో ఆర్బిట్రాన్‌ను నీల్సన్ సంస్థ కొనుటతో మీటరును దానికే సంక్రమించినది. ఏ నగరపు రేటింగునైనను అంగీకరింపకమునుపు, అందు నల్లజాతి, స్పానిష్ భాషీయ యువజనులెందరో, వారి నెట్లు చేర్చుకొనిరో చూపుమని ప్రకటనకర్తలును ప్రభుత్వమును నిలదీసి యడుగవలెను.