చెరకు తోటల నుంచి వచ్చిన వంట

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని కార్యదర్శిగారు కోరారు. సర్వీసు ముచ్చట్లు మీరందరూ ఎరిగినవే కనుక, ఒక పూట భోజనం వెనకనున్న చరిత్ర రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం మేమిద్దరం అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్‌లో మా అబ్బాయి ఇంట ఆరు నెలలున్నాము. ఒక ఆదివారం వాడు మమ్మల్ని జపాను హోటలుకు తీసుకువెళ్ళాడు. సుషీ అంటే వెనిగరు కలిపిన అన్నం ముద్ద మీద చేపముక్క అని విని ఉన్నాను. కాని బల్ల మీదికి మొదట వచ్చినది వేరు. పల్చగా కోసిన పచ్చి చేపముక్కలు, పైన నిమ్మరసం, పసుపుపచ్చని మిరప ముద్ద, పక్కన చిలగడదుంప, మొక్కజొన్న గింజలు.

"దీన్ని తిరదీతో అంటారు నాన్నా, పెరూ జపానువాళ్ళ వంట" అన్నాడు.

"పొయ్యి ఎక్కకుండా వంటేమిట్రా!" అంది మా ఆవిడ.

నిమ్మపులుపు తగిలితే చేప కండ తెల్లబడి గట్టిపడుతుంది. పెరూవారి సెవిచే అనే వంటకానికి ఆధారం అదే. జపాను వంటవారు దానిని తమ సషిమీ పద్ధతిలో పల్చగా కోసి, వడ్డించే ముందు మాత్రమే పులుసు పోశారు. మిరప ఘాటు మన నాలుకకు కొత్త కాదు. మిరపకాయ మనకూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చినదే.

జపానువారు పెరూ ఎందుకు వెళ్ళారు? కూలికి. 1899 ఏప్రిల్ 3న సకురా మారు అనే ఓడ 790 మందిని కయావో రేవులో దింపింది. చెరకు తోటల్లో నాలుగేళ్ళ ఒప్పందం. జ్వరాలతో మొదటి ఏడాదే ఎందరో చనిపోయారు. మిగిలినవారు క్రమంగా లీమా నగరం చేరి మంగలి షాపులు, కిరాణా కొట్లు, చిన్న హోటళ్ళు పెట్టుకున్నారు.

నిలదొక్కుకున్నాక పెద్ద దెబ్బ తగిలింది. 1940 మేలో లీమాలో వారి దుకాణాలను మూకలు లూటీ చేశాయి. యుద్ధకాలంలో, 1942-45 మధ్య, సుమారు 1,800 మందిని పెరూ ప్రభుత్వం అమెరికాకు పట్టి ఇచ్చింది. వారిలో చాలామందిని ఉంచిన క్రిస్టల్ సిటీ నిర్బంధ శిబిరం మేము భోంచేస్తున్న ఆ టెక్సాస్‌లోనిదే. యుద్ధం ముగిశాక వారిలో వందమంది కూడా తిరిగి పెరూ చేరలేకపోయారు.

మిగిలినవారు వంట మానలేదు. 1960 దశకంలో మినోరు కునిగామి వంటివారి హోటళ్ళు లీమాలో పేరు తెచ్చుకున్నాయి. 1973లో జపాను నుంచి లీమా వచ్చిన నొబుయుకి మత్సుహిసా అక్కడి నిమ్మ, మిరప, కొత్తిమీర రుచి పట్టుకుని, 1987లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో సొంత హోటలు తెరిచి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఈ వంటను ఇప్పుడు నిక్కేయి అంటున్నారు. లీమాలోని మైదో అనే నిక్కేయి హోటలుకు 2025లో ప్రపంచ ఉత్తమ హోటళ్ళ జాబితాలో మొదటి స్థానం వచ్చింది.

మా అబ్బాయి ఇదంతా చెబుతుంటే నాకు ముద్ద దిగలేదు. మా తాతగారి తమ్ముడు 1905 ప్రాంతంలో విశాఖపట్నం జిల్లా నుంచి నేటాలు చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్ళాడు. రెండు ఉత్తరాలు వచ్చాయట. తరువాత జాడ లేదు. ఆ ఉత్తరాలు కూడా పెట్టె మార్చినప్పుడు మావాళ్ళు పారేశారు. అక్కడ ఆయన సంతానం ఉండి, ఏ పులుసో కాచుకుంటూ ఉంటే, అందులో మన ఊరి రుచి ఎంత మిగిలిందో నాకు తెలిసే దారి లేదు.

కనుక సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్ళలో రంగూనుకో, మారిషస్‌కో, ఫిజీకో, నేటాలుకో వెళ్ళినవారి ఉత్తరం గాని, పేరు గాని ఉంటే ఒక నోటు పుస్తకంలో రాసి మనవల చేతిలో పెట్టండి. మన తరం దాటితే చెప్పేవారుండరు.